సగం పైపు మార్చి చేతులు దులుపుకుంటే ఎలా?

న్యూజెర్సీలో పాత ఇల్లు కొనే తెలుగువాళ్లు ముందు వాస్తు చూపిస్తారు, తర్వాత పైకప్పు చూపిస్తారు. బేస్‌మెంటు గోడలోంచి నీటి మీటరు దాకా వచ్చే పైపు మీద టార్చి వేసి చూసేవాళ్లు తక్కువ. నాణెంతో గీకితే వెండిలా మెరిసి, అయస్కాంతం అంటుకోకపోతే అది చాలావరకు సీసమే. అమెరికా కొత్తగా సీసం పైపులు వేయడాన్ని 1986లో నిషేధించింది. అప్పటికే భూమిలో ఉన్నవాటి జోలికి మాత్రం పోలేదు.

నీటిలో కలిసిన సీసం కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. మరిగించినా పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. దెబ్బ పడేది పసిపిల్లల మెదడు మీద.

పైపు మార్చడం పెద్ద విద్యేమీ కాదు. పేచీ అంతా డబ్బు దగ్గరే. చాలా ఊళ్లలో రోడ్డు కింది ముక్క నీటి సంస్థది, గేటు లోపలి ముక్క ఇంటివాళ్లది. సంస్థ తన ముక్క తీసి రాగి పైపు వేస్తుంది, మిగతాది మీరే చూసుకోండంటుంది. వాషింగ్టన్ నగరంలో 2000ల్లో వేల ఇళ్ల దగ్గర ఇలాగే సగంలో ఆపేశారు. పాత పైపును కోసినప్పుడు ఆ కుదుపుకు లోపల పేరుకున్న పొర రాలుతుంది. రాగి, సీసం ఒకదానికొకటి తగిలిన చోట తుప్పు జోరందుకుంటుంది. కొన్నాళ్లపాటు కుళాయిలో సీసం తగ్గకపోగా పెరగొచ్చు కూడా. ఇలాంటి పనికి ప్రజల డబ్బు తగలెయ్యడం దండగ.

న్యూజెర్సీలోనే ఉన్న న్యూఆర్క్ నగరం వేరే దారి పట్టింది. మొదట అక్కడా ఇంటి ఓనర్లు కొంత పెట్టుకోవాలన్నారు. 2019లో ఎసెక్స్ కౌంటీ 12 కోట్ల డాలర్ల అప్పుకు దన్నుగా నిలిచాక, ఇంటివాళ్ల దగ్గర పైసా తీసుకోకుండా పైపు మొత్తం మార్చారు. ఊళ్లో ఎక్కువమంది అద్దెకున్నవాళ్లే, ఓనర్లేమో సంతకానికి దొరకరు. అందుకని ఓనరు అనుమతి లేకున్నా పని చేసుకోవచ్చని నగర కౌన్సిల్ చట్టం చేసింది. మూడేళ్లు తిరక్కముందే దాదాపు 23,000 పైపులు మారిపోయాయి.

2024 అక్టోబరులో అమెరికా పర్యావరణ సంస్థ తెచ్చిన నిబంధన కూడా మారిస్తే మొత్తం మార్చాలనే అంటోంది. చాలా ఊళ్లకు పదేళ్ల గడువిచ్చింది. ఇంటివైపు ముక్కకు డబ్బెవరు కట్టాలో మాత్రం తేల్చలేదు. ఆ భారం నీటి సంస్థలదేనని రాష్ట్రాలు రాసిపెట్టాలి. లేకపోతే స్తోమత ఉన్న వీధుల్లో పైపులు మారతాయి, లేని వీధుల్లో నోటీసులు అందుతాయి.