ఉమ్మడి కారు: చేరడమా, మానడమా?

మన కళాశాల అధ్యాపకులలో ఇద్దరు, పట్టణంలోని మరి ముగ్గురు ఉద్యోగులు కలిసి ఒక కారును ఉమ్మడిగా కొని వంతుల ప్రకారం వాడుకోవాలని ఈ యేడు ఒక ఆలోచన చేశారు. నన్ను కూడ చేరమన్నారు. బ్యాంకులు పిలిచి ఋణమిచ్చే ఈ రోజులలో ఉమ్మడి కారేమిటని పెదవి విరిచినవారే ఎక్కువ. ఇది మా ఆరుగురి సౌకర్యానికి మాత్రమే చెందిన విషయం కాదు. రేపు ఉద్యోగంలో చేరిన వెంటనే వాయిదాల కారుకు సంతకం చేయబోయే మన విద్యార్థులకు కూడ చెందినదే గనుక నా అభిప్రాయాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ పద్ధతి ఎక్కడనో పుట్టిన వింత అనుకోనక్కరలేదు. ఒక్కరుగా కొనలేని దానిని పదిమంది కలిసి కొనడం మన ప్రాంతానికి తెలిసిన విద్యయే. మనకు సమీపమున ఉన్న ఏటికొప్పాకలో చెరకు రైతులు సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారాన్ని నెలకొల్పినది 1930 దశకంలోనే. కార్ల విషయంలో ఇట్టి ప్రయత్నం స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో 1948లో జరిగింది. సొంత కారు కొనే స్తోమత లేనివారు ఒక సహకార సంఘంగా ఏర్పడి ఉమ్మడిగా కారు నడుపుకొన్నారు. ఆ దేశంలోనే 1987లో పుట్టిన రెండు సంఘాలు 1997లో ఏకమై ‘మొబిలిటీ’ అను పెద్ద సహకార సంస్థ అయినవి. అయితే అక్కడ నిత్యప్రయాణ భారమంతా రైళ్ళు మోస్తాయి. రైలు చేరని చోటికే ఉమ్మడి కారు. ఈ సంగతి మరచి వారిని అనుకరించితే ప్రయోజనం లేదు.

మనకు రైలు లేదు. ‘నర్సీపట్నం రోడ్డు’ అని మన ఊరి పేరు మోసే స్టేషను తునికి, ఎలమంచిలికి నడుమ ఎక్కడనో ఉన్నది! (పేరు మాత్రం మనది, రైలు వారిది.) కాని మనకు ఆర్.టి.సి. బస్సులున్నవి. చింతపల్లి, లంబసింగి దారిలో జీపులున్నవి, ఊరిలో షేర్ ఆటోలున్నవి. 2025 ఆగస్టు 15 నుండి ‘స్త్రీ శక్తి’ పథకం క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు ఖర్చు కూడ తప్పింది. నిత్యప్రయాణానికి ఇవి చాలునన్నవారికే ఉమ్మడి కారు తగును. ప్రతి ఉదయం కారు లేనిదే గడవనివారు ఇందులో చేరరాదు. చేరితే మిగిలినవారికి తాళపుచెవి కనబడదు.

నా అవసరాలను లెక్కించి చూచుకొన్నాను. తల్లిదండ్రులను విశాఖలోని వైద్యుని వద్దకు తీసుకొనిపోవడం, బంధువుల ఇండ్లలో నికాహ్‌లు, రెండు పండుగలు. అన్నియు కలిసి యేడాదికి ముప్పది దినములు మించవు. తక్కిన మూడువందల పైచిలుకు దినములు కారు వాకిట నిలిచి ఎండకు ఎండి వానకు తడుస్తుంది. వాయిదా మాత్రము నిలువదు.

అందరికీ ఒకే దినమున కారు కావలసివస్తే ఏమి చేస్తారని ఒక మిత్రుడు ప్రశ్నించాడు. మంచి ప్రశ్న. మా ఆరుగురిలో ఇద్దరము ముస్లిములము, నలుగురు హిందువులు. వారికి సంక్రాంతి, దసరాలకు కారు కావాలి. మాకు రంజాన్, బక్రీద్ పండుగలకు కావాలి. వారి వివాహములు ముహూర్తాల వెంట ఒకే దినమున వచ్చిపడతాయి; మా నికాహ్‌లకు ఆ నిర్బంధం లేదు. ఒకే మతమువారు ఆరుగురు చేరిన కారు కంటె మా కారు సుఖముగా నడుస్తుందని నా నమ్మకం. అయితే చాంద్రమానమును బట్టి రంజాన్ యేటేటా పది పదకొండు దినములు ముందుగా వస్తుంది గనుక 2032 జనవరిలో ఈద్, సంక్రాంతి ఒకే వారమున పడనున్నవి. ఆ వారమునకు చీటీ వేసుకొనవలసినదే.

అసలు చిక్కు వంతులలో లేదు, కాగితములలో ఉన్నది. సొమ్ము ఆరుగురిదైనను రిజిస్ట్రేషను సాధారణంగా ఒకరి పేరనే ఉంటుంది. ఆ ఒకరు బదిలీ అయినా, దైవవశమున మరణించినా, మిగిలిన ఐదుగురి భాగము మాట ఏమి? వారసులను నోటిమాటతో నమ్మించగలమా? ప్రైవేటు కారు బీమాలో కిరాయికి త్రిప్పరాదను నిబంధన కూడ ఉన్నది. పెట్రోలు ఖర్చును సభ్యులు పంచుకొనవచ్చును గాని, ‘కారు ఖాళీగానే ఉన్నది గదా’ అని పొరుగువారి వద్ద సొమ్ము పుచ్చుకొని పంపితే, ప్రమాదం జరిగిన నాడు బీమా సంస్థ చేయి విదిలిస్తుంది. చట్టము కోరే కనీసపు థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, లోపల కూర్చున్న మిత్రులకు పరిహారం దక్కడం దుర్లభం. కావున పూర్తి బీమా తప్పదు. లైసెన్సు గల సభ్యుడు తప్ప మరొకరు చక్రం పట్టరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. కారు నిలుపుటకు ఆవరణలో కొంత నీడ, వంతుల పుస్తకమును ఉంచుటకు ఆఫీసులో ఒక బల్ల ఇప్పించిన చాలును. సొమ్ము అడుగుట లేదు. కారు ఏ ఒక్క సభ్యుని వాకిటనో నిలిచితే అది క్రమముగా ఆయన కారే అయిపోతుంది. అందరి కంటికి కనబడే చోట ఉంటే ఎవరు ఎంత దూరము త్రిప్పినదీ మీటరు అంకెతో సహా పుస్తకములోనికి ఎక్కుతుంది.

నేను చేరదలచితిని. అయితే ఎవరి భాగమెంత, విడిపోవువారికి ఏ లెక్కన తిరిగి ఇవ్వవలెను, మరమ్మతు ఎవరిది, చలానా ఎవరు కట్టవలెను అనునవన్నియు స్టాంపు కాగితముపై వ్రాసి, ఆరుగురము సంతకములు చేసిన పిమ్మటనే నా వంతు సొమ్ము చెల్లిస్తానని మిత్రులకు తెలిపియున్నాను. ముసాయిదా వ్రాయు పని నాకే అప్పగించినారు.