ట్యాంకు మీద నుంచి యుద్ధం కనబడదు

ట్యాంకు మీద కూర్చుని యుద్ధం చూపించినవాడిని నేను యుద్ధ విలేకరి అనను. గుండె ధైర్యం ఉన్నవాడంటాను. ఇసుక తుపానులో తిండీ నిద్రా లేకుండా పనిచేశాడంటాను. విలేకరి అని మాత్రం అనను. యుద్ధంలో అసలు వార్త ఫిరంగి గొట్టానికి ఇవతల ఉండదు. గుండు పడిన చోట ఉంటుంది. అక్కడికి వెళ్లని కెమెరా ఎన్ని వందల గంటలు తిరిగినా, అది సైన్యానికి చేసిన ఊడిగమే.

ఇరాక్ సంగతి చెబుతున్నాను. ఇరవై ఏళ్లు దాటిన యుద్ధం ఇప్పుడెందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే. ఇవాళ మన ఇంట్లో టీవీ పెడితే యుద్ధం ఏ రూపంలో కనబడుతోందో, ఆ రూపం ఇరాక్‌లో తయారైంది. 1991లో బాగ్దాద్ ఆకాశంలో ఆకుపచ్చ మెరుపులుగా మొదలైంది, 2003లో స్థిరపడింది. కదిలే ట్యాంకుల పక్కన హెల్మెట్ పెట్టుకున్న విలేకరి, స్టూడియోలో మ్యాపు ముందు నిలబడ్డ మాజీ జనరల్, తెర అడుగున పరుగెత్తే అక్షరాలు, మధ్యమధ్యన వాణిజ్య ప్రకటనలు. చచ్చిపోయేవాడికి మాత్రం ఇందులో చోటు లేదు.

ఆ ఏర్పాటు ఎలా జరిగిందో చూడండి. 2002 నవంబరులో, యుద్ధం మొదలవడానికి నాలుగు నెలల ముందే, అమెరికా రక్షణశాఖ పెంటగాన్ వర్జీనియాలోని క్వాంటికో స్థావరంలో విలేకరులకు శిక్షణ శిబిరం పెట్టింది. 2003 మార్చిలో సైన్యం కువైట్ సరిహద్దు దాటేనాటికి దాదాపు 600 మంది విలేకరులు దళాలతో కలిసి ప్రయాణానికి సిద్ధమయ్యారు. ఏది చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో రాసి ఉన్న కాగితాల మీద సంతకాలు పెట్టి బండి ఎక్కారు. తిండి సైన్యానిది, నీళ్లు సైన్యానివి, బండి సైన్యానిది, రాత్రి కాపలా సైన్యానిది.

ఇక వార్తకు కత్తెర వేసే అధికారి దేనికి? పక్కనే పడుకుని, తన సీసాలో నీళ్లు పంచి, మీదికొచ్చే తూటాకు అడ్డం నిలబడే ఇరవై ఏళ్ల కుర్రాడి గురించి ఏ మనిషికి నోరు రాదు? మంచి మాట చెప్పడానికి ఎవరికైనా వస్తుంది. చెడ్డ మాట చెప్పడానికి ఎవరికీ రాదు. ఉప్పు తిన్న విశ్వాసం మనుషుల్లో ఉన్న మంచి గుణం. పెంటగాన్ ఆ మంచి గుణాన్నే పట్టుకుని వాడుకుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఎన్‌బీసీ విలేకరి డేవిడ్ బ్లూమ్‌ను చూడండి. పరుగెత్తే బండి మీద నుంచి ప్రత్యక్ష ప్రసారం చేయడానికి ప్రత్యేకంగా వాహనం సిద్ధం చేయించుకున్నాడు. రోజుల తరబడి ఆ ఇరుకులో కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరి 2003 ఏప్రిల్ 6న చనిపోయాడు. వయసు 39. ఆ మనిషి శ్రమకు చేతులెత్తి దండం పెడతాను. కానీ అంత కష్టపడి ఆయన పంపిన బొమ్మల్లో జనం చూసిందేమిటి? వేగం, దుమ్ము, ముందుకు పోతున్న బలగం. దారి పక్కన ఆగిపోయిన కారులో ఎవరున్నారో చూడాలంటే బండి ఆగాలి. ఆపే హక్కు విలేకరి చేతిలో లేదు.

బండి ఎక్కనివాళ్లూ ఉన్నారు. వాళ్లకేమైందో కూడా చెప్పుకోవాలి.

బ్రిటన్‌కు చెందిన ఐటీఎన్ విలేకరి టెరీ లాయిడ్ ఏ దళంలోనూ చేరకుండా సొంతంగా బస్రా వైపు బయల్దేరాడు. మార్చి 22న ఎదురుకాల్పుల మధ్య చిక్కి గాయపడ్డాడు. ఒక ఇరాకీ తన మినీబస్సులో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళుతుంటే అమెరికా సైనికుల తూటా తలకు తగిలి ప్రాణం పోయింది. ఆయన దుబాసీ హుస్సేన్ ఉస్మాన్ కూడా చనిపోయాడు. కెమెరామన్ ఫ్రెడ్ నెరాక్ శవం కూడా దొరకలేదు. 2006 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్‌లో విచారణాధికారి అది చట్టవిరుద్ధమైన హత్య అని తేల్చాడు. ఒక్కరి మీదా కేసు నడవలేదు.

ఏప్రిల్ 8. బాగ్దాద్‌లో ఉదయం. టైగ్రిస్ ఒడ్డున అల్ జజీరా కార్యాలయం మీద అమెరికా విమానం క్షిపణి వేసింది. డాబా మీద ఉన్న విలేకరి తారెఖ్ అయ్యూబ్ చనిపోయాడు. తమ కార్యాలయం ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ సంస్థ ఫిబ్రవరిలోనే పెంటగాన్‌కు ఉత్తరం రాసింది. పొరపాటున కొట్టకండని రాసి ఇచ్చిన చిరునామాకే క్షిపణి వచ్చింది.

కొద్ది గంటలు గడిచాయి. పాలస్తీన్ హోటల్లో ప్రపంచ మీడియా అంతా మకాం వేసి ఉంది. బాల్కనీల నిండా కెమెరాలు, కాళ్ల మీద నిలబెట్టి నదివైపు తిప్పినవి. జుమ్హూరియా వంతెన మీద అమెరికా ట్యాంకులు. ఫ్రాన్స్ 3 ఛానెల్ కెమెరా అప్పుడు నడుస్తూనే ఉంది, ఆ బొమ్మ ఇప్పటికీ చూడవచ్చు. ట్యాంకు గొట్టం మెల్లగా లేస్తుంది. హోటల్ వైపు తిరిగి నిలుస్తుంది. ఒక మెరుపు. తర్వాత గది ఊగిపోతుంది, సున్నం రాలుతుంది, నడవాలో కేకలు, మనుషులను మోసుకుంటూ పరుగులు. 15వ అంతస్తులో రాయిటర్స్ కెమెరామన్ తారాస్ ప్రోత్స్యూక్, 14వ అంతస్తులో స్పెయిన్‌కు చెందిన టెలెసింకో కెమెరామన్ హోసే కోసో చనిపోయారు.

హోటల్లోంచి కాల్పులు వచ్చాయి కాబట్టి కొట్టామని సైన్యం చెప్పింది. అక్కడున్న విలేకరులు అలాంటి కాల్పులేవీ వినలేదు, చూడలేదు. జర్నలిస్టుల రక్షణ కమిటీ తవ్వి తీసిన సంగతి ఇంకా ఘోరం. ఆ హోటల్ నిండా విలేకరులున్నారని పై అధికారులకు తెలుసు, ఆ ముక్క ట్యాంకులో ఉన్నవాడికి చేరలేదు. ఒక సైన్యం 600 మంది విలేకరులకు తిండీ నీళ్లూ సమయానికి అందించగలిగింది. ఫలానా హోటల్ మీద కాల్చవద్దన్న మాటను తన ట్యాంకుకు అందించలేకపోయింది. తన బండిలో ఉన్న కెమెరా ప్రాణానికి ఒక విలువ, ఎదుట ఉన్న కెమెరా ప్రాణానికి ఇంకో విలువ. స్పెయిన్ న్యాయమూర్తి ఒకాయన ఏళ్ల తరబడి పోరాడి అరెస్టు వారెంట్లు ఇచ్చాడు. అక్కడి పార్లమెంటు చట్టాన్నే కుదించేసరికి 2015లో ఆ కేసూ మూతపడింది.

మర్నాడు ఏప్రిల్ 9న ఆ హోటల్ ముందున్న ఫిర్దోస్ చౌరస్తాలోనే సద్దాం విగ్రహం కూలింది. ప్రపంచమంతా చూసింది. విగ్రహం మెడకు గొలుసు వేసి లాగింది అమెరికా మెరైన్ల వాహనం. ముఖం మీద ముందు కప్పింది అమెరికా జెండా. దగ్గర నుంచి తీసిన బొమ్మలో తెర నిండా జనం. పై నుంచి వెడల్పుగా తీసిన బొమ్మల్లో చౌరస్తాలో చాలా భాగం ఖాళీ. ఆ రోజు ఫాక్స్ ఛానెల్ సగటున 4.4 నిమిషాలకోసారి, సీఎన్ఎన్ 7.5 నిమిషాలకోసారి ఆ దృశ్యం వేశాయని తర్వాత పరిశోధకులు లెక్కగట్టారు. నగరంలో ఇంకా కాల్పులు జరుగుతున్నాయి. దోపిడీలు మొదలయ్యాయి, ఒకటి రెండు రోజుల్లో జాతీయ మ్యూజియమే లూటీ అయింది. కానీ కెమెరాలు హోటల్ దగ్గర ఉన్నాయి, విగ్రహం హోటల్ దగ్గర ఉంది. యుద్ధం గెలిచేశామని ఆ ఒక్క బొమ్మ చెప్పేసింది. దాని తర్వాత ఎనిమిదేళ్లు ఇరాకీలు చచ్చారు.

స్టూడియోల పాపం తక్కువదేం కాదు. యుద్ధాన్ని ప్రశ్నించేవాళ్లను పిలిచి కూర్చోబెట్టే ఫిల్ డొనహ్యూ కార్యక్రమాన్ని, యుద్ధం కొన్ని వారాల్లో ఉందనగా ఎంఎస్ఎన్‌బీసీ ఆపేసింది. నిష్పక్షపాత నిపుణులని చెప్పి తెర మీద కూర్చోబెట్టిన మాజీ సైనికాధికారుల్లో చాలామందిని పెంటగానే పిలిచి ఏం చెప్పాలో నూరిపోసి పంపిందని, వారిలో కొందరికి ఆయుధ కంపెనీలతో లావాదేవీలున్నాయని 2008లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆ కథనానికి పులిట్జర్ వచ్చింది. ఛానెళ్లు మాత్రం దాని గురించి నోరు మెదపలేదు. ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలు లేవని 2004లో అమెరికా సొంత బృందమే తేల్చింది. అవి ఉన్నాయని రాత్రింబవళ్లు అరిచిన గొంతుల్లో ఎన్ని ప్రేక్షకులకు క్షమాపణ చెప్పాయి?

ఇక అత్వార్ బహ్జత్ గురించి చెప్పాలి. ఈ పేరు తెలుగులో ఎంతమందికి తెలుసో గానీ, జర్నలిజం చదివే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ తెలిసి ఉండాల్సిన పేరు. సమర్రా ఊరి పిల్ల. తండ్రి సున్నీ, తల్లి షియా. మెడలో ఇరాక్ దేశపటం ఆకారంలో బంగారు బిళ్ల వేసుకునేది. 2006 ఫిబ్రవరి 22న సమర్రాలో షియాల పవిత్ర క్షేత్రం అల్ అస్కరీ బంగారు గుమ్మటాన్ని పేల్చేశారు. అప్పటికి విదేశీ విలేకరుల్లో చాలామంది గోడల వెనక హోటళ్లకు పరిమితమైపోయారు. అల్ అరబియా తరఫున ఈమె బయల్దేరింది. ఊళ్లోకి పోనివ్వకపోతే ఊరి బయటే నిలబడి, ఇరాకీలంతా ఒక్కటిగా ఉండాలని చెప్పింది. సాయంత్రం తుపాకులు పట్టుకున్నవాళ్లు బండిలో వచ్చి, టీవీలో కనబడే ఆమె ఎక్కడ అని అడిగారు. ఆమెతో పాటు కెమెరామన్‌నూ ఇంజనీరునూ పట్టుకుపోయి చంపారు. శవయాత్ర మీద కూడా కాల్పులు జరిపారు, బాంబు పేల్చారు.

ఆమె చుట్టూ ట్యాంకు లేదు. సంతకం పెట్టించుకున్న సైన్యం లేదు. ఊరు తనది, చచ్చేవాళ్లు తనవాళ్లు, అందుకే వెళ్లింది. యుద్ధ విలేకరి అన్న పేరు ఇలాంటి మనిషికి దక్కాలి. 2003 నుంచి 2011 చివరి వరకు ఇరాక్‌లో కనీసం 150 మంది జర్నలిస్టులు చనిపోయారని జర్నలిస్టుల రక్షణ కమిటీ లెక్క. దుబాసీలు, డ్రైవర్లు, కాపలాదారులు ఆ పైన ఇంకో యాభై మందికి పైనే. అత్యధికులు ఇరాకీలే. విదేశీ ఛానెల్‌కు బొమ్మ పంపింది వాళ్లు, తెర మీద పేరు పడింది ఇంకొకరిది.

సైన్యం చూపు ఎలా ఉంటుందో తెలియాలంటే 2007 జులై 12 నాటి దృశ్యం చూడండి. బాగ్దాద్ పైన ఎగురుతున్న అపాచీ హెలికాప్టర్ తీసిన బొమ్మ అది. కింద వీధిలో రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ నమీర్ నూర్ ఎల్దీన్, డ్రైవర్ సయీద్ చ్మాగ్ నడుస్తున్నారు. నమీర్ భుజాన వేలాడుతున్న కెమెరా పైనున్నవాళ్లకు ఆయుధంలా కనిపించింది. కాల్చేశారు. గాయపడ్డ సయీద్‌ను ఎత్తుకోవడానికి వ్యాన్‌లో వచ్చినవాళ్లనూ కాల్చారు. ఆ వ్యాన్‌లో పిల్లలున్నారు. ఆ వీడియో ఇమ్మని రాయిటర్స్ సమాచార చట్టం కింద అడిగితే ఇవ్వలేదు. 2010లో వికీలీక్స్ బయటపెట్టింది. పై నుంచి చూస్తే కెమెరాకూ తుపాకీకీ తేడా తెలియదు. అంత ఎత్తు నుంచి చూపించే బొమ్మలనే మనకు యుద్ధ వార్తలని ఏళ్ల తరబడి పెట్టారు.

ఈ యుద్ధంతో మనకు సంబంధం లేదనుకోకండి. సైన్యం బయల్దేరింది కువైట్ నుంచి. కడప, కోనసీమ, కరీంనగర్, నిజామాబాద్ ఇళ్ల నుంచి మనుషులు పొట్ట చేతపట్టుకుని వెళ్లే చోటు అది. 1990లో సద్దాం కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బై వేల మంది భారతీయులను విమానాల్లో తెచ్చుకున్నాం. 2003లో ఆ కువైట్ ఎడారిలోనే ప్రపంచ ఛానెళ్ల కెమెరాలు ట్యాంకుల వరుసలు చూపిస్తూ నిలబడ్డాయి. అక్కడి ఇళ్లలో వంట చేసే మన ఆడవాళ్ల దగ్గరికి, కూలీల క్యాంపుల దగ్గరికి వెళ్లే పని వాటికి లేకపోయింది.

ఇవాళ మన స్టూడియోలు ఆ పాఠాన్నే ఒప్పజెబుతున్నాయి, విలేకరి కూడా లేకుండా. 2022లో ఉక్రెయిన్ యుద్ధ వార్తల్లో అతిశయోక్తులు వద్దని కేంద్ర ప్రభుత్వమే ఛానెళ్లకు హితవు చెప్పాల్సి వచ్చింది. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఘర్షణ నడుస్తుండగా ఒక రాత్రి దేశంలోని పెద్ద ఛానెళ్లు కరాచీ రేవు ధ్వంసమైపోయిందని చెప్పాయి. తెల్లవారేసరికి రేవు ఉన్నచోటే ఉంది. చర్చల మధ్య సైరన్ మోతలు వేయవద్దని హోంశాఖ ఆదేశించాల్సి వచ్చింది. సరిహద్దు ఊళ్లలో నిజం సైరన్‌కు భయపడి నేలమాళిగల్లో దూరిన పిల్లలుండగా, ఇక్కడ దాన్ని నేపథ్య సంగీతం చేశారు. తెలుగు ఛానెళ్లూ తక్కువ తినలేదు. గ్రాఫిక్స్ విమానాలు స్టూడియోలో దిగుతుంటే యాంకర్లు గొంతు చించుకున్నారు.

దేశభద్రత అంటారు. దళాలు ఎక్కడున్నాయో చెప్పమని ఎవరడిగారు? అది చెప్పకూడదు, నేనూ ఒప్పుకుంటాను. చచ్చినవాడి పేరు, ఊరు, వాడి మీద పడింది ఎవరి గుండో చెబితే ఏ దేశభద్రతకూ నష్టం రాదు. అక్కడికి మనిషిని పంపే డబ్బు లేదంటారు. లేకపోతే లేదని తెర మీద చెప్పండి. ఆ ఊరి విలేకరి దగ్గర వార్త కొనండి, డబ్బులివ్వండి, పేరు వేయండి.

వార్తా సంపాదకులకు నా డిమాండ్ ఇదే. యుద్ధం బొమ్మ వేసే ప్రతిసారీ అది ఎవరు తీశారో, ఏ రోజుదో, ఎవరి అనుమతితో తీశారో తెర మీద రాయండి. సైన్యం ఇచ్చిందైతే సైన్యం ఇచ్చిందని రాయండి. మాజీ అధికారిని కూర్చోబెడితే ఆయనకు ఏ కంపెనీలో పదవి ఉందో చెప్పండి. చూసేవాళ్లకూ ఒక మాట. ఈ మూడూ చెప్పని ఛానెల్ యుద్ధం చూపిస్తుంటే ఇంట్లో పిల్లల ముందు ఆ టీవీ కట్టేయండి.