తాళంచెవి ఒక్కటే చాలదు

దోమల్లో కొత్త వైరస్ బయటపడిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఒకే మాట వినిపిస్తుంది: ఇప్పటికైతే అది మనిషికి సోకడం లేదు గానీ, ఒక్క మార్పు జరిగితే చాలు, మన మీద పడుతుందని. ఈ భయం వెనక ఉన్నది బడి పుస్తకాల్లోని తాళం, తాళంచెవి బొమ్మ. మన కణం మీదుండే రిసెప్టర్‌కు వైరస్ పైపొర సరిపోతే లోపలికొస్తుంది, లేకపోతే బయటే ఆగిపోతుంది. కాబట్టి ఆ వైరస్‌కూ మనకూ నడుమ ఉన్నది ఒక్క తలుపే అనుకుంటారు. ఈ అభిప్రాయం తప్పు. అందులో సగం నిజం ఉండటం వల్లే ఇంతగా పాతుకుపోయింది.

దోమకే పరిమితమైన వైరస్‌లు కొత్తవేమీ కావు. 1975లో స్టోలర్, థామస్ అనే పరిశోధకులు ఏడిస్ ఈజిప్టై దోమ కణాల్లో అలాంటిదాన్ని పట్టుకున్నారు. అది డెంగీ కుటుంబానిదే. ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమ కణాల మీద వేస్తే, పక్కపక్కనున్న కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద ముద్దలయ్యాయి. క్షీరదాల కణాల్లో మాత్రం అది పెరగనే లేదు. అయితే ఇలాంటి వైరస్‌లు తలుపు దగ్గర ఆగుతాయా, లోపల ఆగుతాయా? దీన్ని తేల్చింది ఈలాట్ వైరస్. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి దోమల్లో దొరికిన ఈ వైరస్‌ది చికున్‌గున్యా వంశం. 2012లో దాన్ని వివరించిన పరిశోధకులు తలుపుతో పనే లేకుండా చేశారు: విద్యుత్తు సాయంతో దాని ఆర్‌ఎన్‌ఏను నేరుగా వెన్నెముక ఉన్న జంతువుల కణాల్లోకి ఎక్కించారు. అయినా ఆ ఆర్‌ఎన్‌ఏ తన నకళ్లు తీసుకోలేకపోయింది. తర్వాత ఆ వైరస్‌కే చికున్‌గున్యా పైతొడుగు తొడిగారు. అంటే, మన కణాలను తెరిచే తాళంచెవినే దానికి అప్పగించారు. అది లోపలికి వెళ్లింది, పెరగలేక అక్కడే ఆగిపోయింది. ఈ సంకర వైరస్‌ను టీకాగా ఎలుకలకూ కోతులకూ ఇస్తే ఒక్క మోతాదుతోనే చికున్‌గున్యా నుంచి రక్షణ దొరికిందని 2017లో ప్రకటించారు. అడ్డు ఒక్క తలుపే అయితే, ఆ టీకా వాటి ఒంట్లో యథేచ్ఛగా పెరిగి ఉండాల్సింది.

లోపల ఆపుతున్నవి చాలానే ఉన్నాయి. నకళ్లు తీసే వైరస్ ఎంజైముకు ఆతిథేయ కణపు ప్రొటీన్ల తోడు కావాలి. దోమ కణంలో దొరికిన తోడు మన కణంలో అదే రూపంలో దొరకదు. దోమ ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి మారుతుంది, మనది 37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. బన్యావైరస్‌లనే మరో కుటుంబంలో కీటకాలను దాటని కొన్ని వైరస్‌లు అంత వేడిలో పెరగలేవని 2015 నాటి ప్రయోగాలు చూపాయి. పైగా దోమకు లేని ఇంటర్‌ఫెరాన్ రక్షణ మనకుంది. డెంగీ వైరస్ దాన్ని అణచే ప్రొటీన్లను వెంట తెచ్చుకుంటుంది. తల్లి దోమ నుంచి గుడ్లకు, గుడ్ల నుంచి పిల్లలకు పాకుతూ బతికే వైరస్‌కు ఆ అవసరమే రాదు.

చికున్‌గున్యా మాటేమిటని అడగవచ్చు. 2005-06లో రీయూనియన్ దీవిలో ఒక్క అమైనో ఆమ్లం మారడంతో అది ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమలో బాగా పెరగడం మొదలుపెట్టిన మాట నిజమే. కానీ ఆ దూకడం ఒక దోమ జాతి నుంచి మరో దోమ జాతికే. మనిషిలో పెరిగే విద్య దానికి అంతకుముందే ఉంది. ఇంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటుంది. మనుషులకు సోకే బన్యావైరస్‌ల పూర్వీకులు కీటక వైరస్‌లేనని చెప్పింది కూడా పైన చెప్పిన 2015 పరిశోధనే. దాన్ని ఒప్పుకోవాల్సిందే; దాటడం అసాధ్యం కాదు. కానీ ప్రవేశం, నకళ్లు, వేడి, రోగనిరోధకత అన్నీ కలిసిరావాలంటే పరిణామ క్రమంలో సుదీర్ఘ కాలం పడుతుంది. ఒక్క మార్పు చాలనడానికి ఆ చరిత్ర సాక్ష్యం కాదు. నిఘా వద్దని కాదు నా వాదన. డెంగీ, చికున్‌గున్యా, మెదడువాపు మన ఊళ్లలో తిరుగుతుండగా, అన్ని వైరస్‌లనూ ఒకే భయంతో చూస్తే నిఘాయే పలచబడుతుంది. కొత్త వైరస్ గురించి రాసే ప్రతి విలేకరికీ నా విన్నపం ఒక్కటే: 37 డిగ్రీల దగ్గర మనిషి కణంలో అది పెరిగిందా లేదా అని ముందు అడగండి, శీర్షిక ఆ తర్వాత పెట్టండి.