చెరువుకు అడగని జీతం స్లిప్పు మమ్మల్నే ఎందుకు అడుగుతున్నారు?



మన నందివాడ మండలంలో చేపల చెరువులున్నోళ్లకి ఒకటో తారీఖున జీతం పడదు. పిల్ల వేస్తారు, నెలల తరబడి మేత పోస్తారు, పట్టుబడి అయ్యాకే డబ్బు కళ్లజూస్తారు. రేటు పడితే నష్టం, వరదొస్తే ఇంకా నష్టం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఏం జరిగిందో అందరం చూశాం. అయినా వాళ్లని జీతం స్లిప్పు అడగరు. భూమి కాగితం చూసి అప్పిస్తారు.

అదే చెరువుల్లో వల లాగే యానాది, ఎరుకల ఇళ్ల పిల్లలం మేం. కాలేజీకి పోతూనే సెలవుల్లో పట్టుబడికి పోతాం, ఐసు పెట్టెలు మోస్తాం, పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగుకి పోతాం, గుడివాడలో పార్సిళ్లు వేస్తాం. ఏడాది పొడుగునా ఏదో ఒక పని ఉంటుంది. ఇంటి లోనుకి వెళితే మాత్రం "స్థిరమైన ఆదాయం లేదు" అంటారు. అంటే తేడా ఆదాయంలో లేదు, భూమిలో ఉంది. ఆ మాట నేరుగా అనలేక స్లిప్పు అడుగుతున్నారు.

"చదువుకునేవాళ్లకి ఇంటి లోనెందుకు, ముందు ఉద్యోగం తెచ్చుకోండి" అని మన పెద్దలే కొందరంటున్నారు. అయ్యా, డ్రెయిను గట్టు మీద గుడిసె మా ఉద్యోగం దాకా ఆగుతుందా? చాలా ఇళ్లల్లో పాన్ కార్డు, ఫోన్‌పే లెక్క, పాస్‌బుక్కు ఉన్నది చదువుకునే పిల్లకో పిల్లాడికో మాత్రమే. అమ్మానాన్నల కూలి చేతికే వస్తుంది, లేకపోతే అడ్వాన్సులో కోసుకుపోతుంది. దరఖాస్తు మా పేరున కాక ఎవరి పేరున పెట్టాలి?

వారం వారం కిస్తీ వసూలు చేసే ఫైనాన్సు వాళ్లు ఏ స్లిప్పూ అడగరు. ఎక్కువ వడ్డీకి మేం నమ్మకస్తులం, తక్కువ వడ్డీకి కాదన్నమాట!

నిబంధనలు ఏం చెబుతున్నాయో చూడండి. బ్యాంకులు ఇచ్చే అప్పుల్లో 12 శాతం బలహీన వర్గాలకు చేరాలని రిజర్వు బ్యాంకు లక్ష్యం పెట్టింది. అందులో ఎస్టీలు ఉన్నారు. ఎస్సీ, ఎస్టీల దరఖాస్తును బ్రాంచిలోనే తిరస్కరించకూడదు, పై స్థాయి అధికారే తిరస్కరించాలి, కారణం స్పష్టంగా రాయాలి అని కూడా రిజర్వు బ్యాంకు చెప్పింది. "అది డి పట్టా, దాని మీద లోను రాదు" అంటారు. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టమే షెడ్యూల్డు బ్యాంకుకు తాకట్టు పెట్టడాన్ని మినహాయించింది. పట్టణాల్లో పీఎం ఆవాస్ 2.0 కింద 25 లక్షల లోపు ఇంటి లోనులో మొదటి 8 లక్షలకు 4 శాతం వడ్డీ రాయితీ ఉంది. కానీ బ్యాంకు లోను ఇస్తేనే ఆ రాయితీ. కౌంటరు దగ్గరే ఆపేస్తే కాగితం మీద ఎన్ని లక్షలుంటే ఏం లాభం?

మేం దానం అడగట్లేదు. ఎగ్గొడతామనీ అనట్లేదు. రెండేళ్ల పాస్‌బుక్కు చూడండి, మొత్తం కూడి నెలల లెక్కన భాగించకుండా ఏ నెల ఎంత వచ్చిందో చూడండి. పంట రుణానికి కోత చూసి గడువు పెడుతున్నారు కదా, మాకూ పట్టుబడి, పెళ్లిళ్ల నెలల్లో కిస్తీ ఎక్కువ, పరీక్షల నెలల్లో తక్కువ పెట్టండి. పెద్ద లోను వద్దు, రెండు గదులకు సరిపడా ఇవ్వండి.

ఇక మనం చేయాల్సింది. కూలి ఎంత చిన్నదైనా ఖాతాలో వేయించుకుందాం. దరఖాస్తు రాసే ఇద్దాం, అందినట్టు రసీదు తీసుకుందాం. "రాదు బాబూ" అని నోటితో చెబితే లేచి రావొద్దు. కారణం కాగితం మీద, పై అధికారి సంతకంతో అడుగుదాం. ఒక్కడు అడిగితే విసుక్కుంటారు. నలభై మంది నలభై కాగితాలు అడిగితే జవాబు చెప్పక తప్పదు.