చేరువలోనే జలతరంగిణి.. చెప్పిరాని ప్రవాహం
రోడ్డు పక్క జలపాతాల వద్ద కొరవడిన ముందస్తు హెచ్చరిక

మారేడుమిల్లి: గోకవరం దాటితే చాలు, మైదానం వెనుకబడి కొండలు ఎదురొస్తాయి. రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరుకుని, భద్రాచలం వైపు ఘాట్ రోడ్డులో మరో నాలుగైదు కిలోమీటర్లు సాగితే జలతరంగిణి జలపాతం వస్తుంది. రాజమహేంద్రవరం నుంచి మొత్తం ప్రయాణం తొంభై కిలోమీటర్లకు అటూఇటూ. కారు దిగి కొద్ది అడుగులు వేస్తే నీళ్లలో కాళ్లు పెట్టవచ్చు. ఇదే మార్గంలో ఇంకా ముందున్న అమృతధారకైతే అడవిలో కొంత నడవాల్సి ఉంటుంది. జలతరంగిణికి ఆ శ్రమ లేదు. పసిపిల్లలతో, వృద్ధులతో వచ్చే కుటుంబాలు సైతం ఇక్కడ ఆగడానికి కారణం అదే. ముప్పు కూడా అక్కడే పొంచి ఉంది.

2024 సెప్టెంబరు 22, ఆదివారం. ఏలూరులో చదువుతున్న 14 మంది వైద్య విద్యార్థులు విహారయాత్రకు వచ్చి జలతరంగిణి వద్ద ఆగారు. ఎగువన కురిసిన వర్షానికి ప్రవాహం ఒక్కసారిగా పెరిగి అయిదుగురిని లాక్కుపోయింది. ఇద్దరిని ప్రాణాలతో కాపాడగలిగారు. ముగ్గురు మృత్యువాత పడ్డారు. వారు అడవిలో దారి తప్పినవారు కాదు, లోయ అంచున సాహసాలు చేసినవారూ కాదు. వేలాది మంది ఆగే చోటే ఆగారు.

ఎగువన వాన.. దిగువన వరద

ఎత్తు చూసి జంకే జలపాతం కాదిది. రాళ్ల మీదుగా పాయలుగా జారే నీటిని చూస్తే పిల్లకాలువేనన్న భరోసా కలుగుతుంది. అయితే కొండవాగు లెక్క వేరు. వాలు ఎక్కువగా ఉండి, రాతినేల కావడంతో పడిన వాన నేలలో ఇంకే సమయం ఉండదు. చుట్టుపక్కల గట్ల మీది నీరంతా ఒకే ఇరుకు దారిలోకి దిగుతుంది. పైన గంటసేపు గట్టి వాన కురిస్తే కింద నిమిషాల వ్యవధిలో మట్టం పెరుగుతుంది. ఆ సమయానికి కింద ఎండ కాస్తూ ఉండవచ్చు. ఘాట్‌లో ఒక మలుపు దగ్గర వాన, తర్వాతి మలుపు దగ్గర పొడి వాతావరణం ఉండటం ఈ దారిన తిరిగేవారికి కొత్తేమీ కాదు.

నీటి వేగం రెట్టింపైతే మనిషిపై పడే తోపుడు నాలుగు రెట్లవుతుంది. మోకాలి లోతు నీటిలో నిలబడిన వ్యక్తి, అదే లోతులో వేగం పెరిగితే నిలదొక్కుకోలేడు. కింద పాచి పట్టిన రాళ్లు. పట్టు జారితే తల రాతికి తగిలే ప్రమాదమే ముందు, మునగడం ఆ తర్వాత. ఈత వచ్చినా ఇక్కడ అక్కరకు రావడం కష్టమే.

కొండవాగు పొంగే ముందు కొన్ని గుర్తులు చూపుతుంది. తేటగా ఉన్న నీరు ఎర్రబారుతుంది. ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొస్తాయి. చప్పుడు మారుతుంది. వాగుల పక్కనే జీవించే కొండరెడ్లకు ఇది పాఠం చెప్పాల్సిన విషయం కాదు. సెల్‌ఫోన్ కెమెరా వైపు తిరిగి, జలపాతానికి వీపు పెట్టి నిలబడిన పట్టణవాసికి మాత్రం ఆ గుర్తులేవీ కనిపించవు.

సూచన జిల్లాకు.. ప్రమాదం వాగుకు

వాతావరణ శాఖ భారీ వర్ష సూచన జిల్లా పేరుతో వెలువడుతుంది. ఏ వాగు ఎప్పుడు పొంగేదీ అందులో ఉండదు. అల్పపీడనం వేళ జలపాతాలకు రావద్దని అధికారులు ప్రకటన ఇస్తే అది పత్రికల్లో, టీవీల్లో వస్తుంది. తెల్లవారుజామున బయలుదేరి దారిలో ఉన్నవారికి అది చేరుతుందన్న భరోసా లేదు. ఘాట్‌లో సెల్ సిగ్నళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లోనే బుడమేరు విజయవాడను ముంచెత్తింది. ఎగువన కురిసిన వాన దిగువన ఏం చేస్తుందో రాష్ట్రమంతా చూసింది. మూడు వారాలు తిరగకుండానే అదే సూత్రం చిన్న వాగు రూపంలో మన్యంలో ప్రాణాలు తీసింది.

2021లో విడుదలైన ‘పుష్ప’ చిత్రం ఇక్కడి అడవుల్లోనూ చిత్రీకరణ జరుపుకోవడంతో మారేడుమిల్లి పేరు మరింత దూరం పాకింది. బొంగు చికెన్ అంతకు ముందే పేరు తెచ్చింది. వానలు వెనుకబట్టి జలపాతాలు నిండుగా ఉండే కార్తీకమాసం నుంచి సంక్రాంతి దాకా వారాంతాల్లో వాహనాల వరుస కడుతుంది. తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు నెలలూ దాదాపు ఇవే కావడం గమనార్హం.

మూసివేత ఒక్కటే మార్గమా?

ప్రమాదం జరిగిన ప్రతిసారీ జలపాతాన్ని మూసేయాలన్న మాట వినిపిస్తుంది. అది సులువైన మాట. అటవీ శాఖ వన సంరక్షణ సమితులతో కలిసి ఇక్కడ పర్యాటకాన్ని నడుపుతోంది. వెదురు బొంగులు నరికి తెచ్చేవారి నుంచి రోడ్డు పక్కన తేనె, చీపుర్లు అమ్ముకునేవారి వరకు ఎందరో గిరిజనుల రాబడి ఆగే వాహనాలపైనే ఆధారపడింది. పైగా రోడ్డుకు ఆనుకుని ఉన్నదాన్ని గేటు పెట్టి ఎంతవరకు ఆపగలరు? ‘ప్రమాదం’ అని రాసిన బోర్డుకు ఏడాది పొడవునా ఒకటే అర్థం. ఎండాకాలంలోనూ అదే, వరద రోజునా అదే. అందువల్ల దాన్ని ఎవరూ చదవరు.

కావలసింది ఆ రోజు, ఆ గంటకు సంబంధించిన సమాచారం. ఎగువన ఒక వర్షమాపకం, రాతి మీద రంగు గీతలతో ఒక నీటి కొలబద్ద, పైన ఒకరు, కింద ఒకరు కాపలా, ఇద్దరి చేతుల్లో వాకీటాకీలు, ఈలలు ఉంటే చాలు. గీత దాటగానే ఈల మోగాలి, నీళ్లలో ఉన్నవారంతా గట్టెక్కాలి. ఈ పనికి వాగు తెలిసిన స్థానిక గిరిజన యువకులకు మించిన వారు దొరకరు. కనీసం వానాకాలం, తుపాన్ల నెలల్లోనైనా వారికి జీతమిచ్చి నియమించే వీలుంది.

జలతరంగిణి నుంచి రంపచోడవరం ఏరియా ఆస్పత్రికి ముప్పై కిలోమీటర్ల మేర ప్రయాణం. రక్షణ దళాలు మైదానం నుంచి ఘాట్ ఎక్కి రావాలి. ఆలోపు నీటిలో దూకేది చుట్టుపక్కల గూడేలవారే. వారి కోసం జలపాతం వద్ద పొడవాటి తాళ్లు, లైఫ్ జాకెట్లు సిద్ధంగా ఉంచడానికి ఏ పెద్ద నిధులూ అవసరం లేదు.