గూడెం నుంచి ఆసుపత్రికి ఎంత దూరం?

ఏజెన్సీలో ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఎక్కడ పెట్టాలి అంటే మన దగ్గర చాలాకాలంగా జవాబులు మూడే. స్థలం దొరికిన చోట, రోడ్డు ఆగిపోయిన చోట, లేదంటే పలుకుబడి గలవారి ఊళ్ళో. ఇప్పుడు నాలుగో జవాబు కూడా వచ్చింది: కంప్యూటర్ చెప్పిన చోట. ఇది మంచి మార్పే, కాదనను. అయితే ఆ కంప్యూటర్‌కి ఎవరి నడక నేర్పారు అన్నదే నా సందేహం.

జీఐఎస్ అంటే వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ మన ఆడవాళ్ళకి అర్థం కానిదేం కాదు. ఎంబ్రాయిడరీకి డిజైను దించుకోవడానికి ట్రేసింగ్ కాగితం వాడతాం కదూ! అలాంటి పల్చటి కాగితాలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచారనుకోండి. ఒకదాని మీద కొండల ఎత్తు, ఒకదాని మీద గెడ్డలు, ఇంకోదాని మీద రోడ్లు, మరోదాని మీద గూడేలు, ఇప్పటికే ఉన్న ఆసుపత్రులు. అన్నిటినీ కలిపి చూసి ఫలానా చోటు బాగుందని చెప్పే పనే ఈ సాఫ్ట్‌వేర్‌ది. క్యూజీఐఎస్ అనేది ఉచితంగానే దొరుకుతుంది. 2000లో అమెరికా వారి స్పేస్ షటిల్ రాడారుతో కొలిచిన ఎత్తుపల్లాల లెక్కలూ ఉచితమే. మన ఇస్రో వారి ‘భువన్’ 2009 నుంచి ఉండనే ఉంది. కాబట్టి డబ్బు లేక చేయలేదనడానికి వీల్లేదు.

చిక్కల్లా దూరం దగ్గర వస్తుంది. పటం మీద స్కేలు పెట్టి నాలుగు కిలోమీటర్లు అంటారు. మైదానంలో అయితే గంటలోపు నడక. అదే అరకు, అనంతగిరి కొండల్లో? వాల్డో టాబ్లర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1993లో వాలును బట్టి మనిషి నడక వేగానికి ఒక సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం చదును నేల మీద గంటకు ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి, వంద అడుగులకు ముప్ఫై అడుగులు ఎక్కాల్సిన చోట రెండు కిలోమీటర్లు కూడా నడవలేడు. ఆ నాలుగు కిలోమీటర్లకే రెండుంపావు గంటలు పడుతుంది. అదీ కాలిబాట ఉంటేనే. బాట లేకపోతే వేగంలో ఇంకో రెండు వంతులు కోసెయ్యాలంటాడు, ఐదింట.

సరే, ఈ నడిచే మనిషి ఎవరు? చేతులూపుకుంటూ వెళ్ళే ఆరోగ్యవంతుడు. నెత్తిన కట్టెల మోపు లేదు, చంకన బిడ్డ లేదు, కడుపులో తొమ్మిదో నెల లేదు. నొప్పులు మొదలైన మనిషిని దుప్పటి కట్టిన డోలీలో ఇద్దరు భుజాన మోసుకుంటూ దిగుతుంటే ఏ సూత్రం సరిపోతుంది చెప్పండి? పైగా కంప్యూటర్ చూపించే దగ్గర దారి ఏ గెడ్డ మీదుగానో వెళ్తుంది. వేసవిలో పాదం తడవని ఆ గెడ్డ శ్రావణంలో మనిషిని నిలవనివ్వదు. ముప్ఫై మీటర్లకో గడి చొప్పున కొలిచిన పటంలో అడుగు వెడల్పు కాలిబాట ఎలాగూ కనపడదు. ఏ గెడ్డ ఏ నెలలో దాటనిస్తుందో, ఏ తోవలో ఎలుగు తిరుగుతుందో ఆ దారిన నీళ్ళకీ కట్టెలకీ పోయే ఆడవాళ్ళకి తెలుసు. ఆ కాగితం మాత్రం ఎవరూ పరవరు.

ఇంకో సంగతి ఉంది. యంత్రం మనం అడిగిన దానికే జవాబు చెబుతుంది. అందరి నడకా కలిపి సగటు తగ్గేలా చోటు చూపించు అంటే, జనం ఎక్కువున్న రోడ్డు పక్క ఊరినే చూపిస్తుంది. అందరికన్నా దూరాన ఉన్నవాళ్ళ దూరం తగ్గేలా చూపించు అంటే చోటు మారిపోతుంది, కొండ పైకి జరుగుతుంది. రెండూ లెక్కే, రెండూ ‘శాస్త్రీయమే’. ఏది అడగాలో నిర్ణయించేది మాత్రం మనుషులు. పెళ్ళిలో వడ్డన చేసే ఏ ఆడమనిషినైనా అడగండి, సగటున అందరికీ బూరెలు అందాయి అంటే నవ్విపోతుంది. ఆఖరి పంక్తిలో ఏమైందో చెప్పమంటుంది. మన నిబంధనలేమో తలలు లెక్కపెడతాయి: మైదానంలో ఐదు వేల మందికి, గిరిజన ప్రాంతంలో మూడు వేల మందికి ఒక ఉపకేంద్రం అని. ఆ మూడు వేల మంది ఒకే కొండకి అటూ ఇటూ విసిరేసినట్టు ఉంటే ఏం చేయాలి? 2000లో మొదలైన గ్రామీణ సడక్ యోజన గిరిజన ప్రాంతాల్లో రోడ్డుకి 250 మంది ఉండాలంది. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ ఆదిమ తెగల గూడేలకి దాన్ని వందకి దించింది. సంతోషమే. నలభై మంది ఉన్న గూడెంలో మాత్రం కాన్పులు జరగవా?

కాఫీ మాట చెప్పకుండా ఉండలేను. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి తొమ్మిది వందల మీటర్లు దాటిన ఎత్తు, సిల్వర్ ఓక్ నీడ, నీరు నిలవని వాలు... ఇన్ని కుదరాలి. ఇవన్నీ పటం మీద ఇట్టే వడగట్టవచ్చు. మొక్క కోసం అంత ఓపిగ్గా లెక్క వేయగలిగినవాళ్ళం బాలింత కోసం వేయలేమా?

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ చావులను వీధి పటం మీద గుర్తులు పెట్టి బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు వైపు వేలు చూపించాడు. పటం సంగతే అందరూ చెప్తారు. ఆయన ఇల్లిల్లూ తిరిగి, మీరు ఏ నీళ్ళు తాగారు అని అడిగాడన్నది ఎవరూ పెద్దగా చెప్పరు.

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. విశాఖ దాకా ఫైలు మోయక్కర్లేదు గనక అక్కడి అధికారులకి నా మాట ఇది. ఉపకేంద్రం గానీ, నెలలు నిండినవాళ్ళు ముందుగా వచ్చి ఉండే వసతి గృహం గానీ ఎక్కడ పెట్టాలో చూసేటప్పుడు కంప్యూటర్ చూపిన రెండు మూడు చోట్లని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి వారపు సంతకి తీసుకెళ్ళండి. కొండ మీది ఆడవాళ్ళు ఎలాగూ ఆ రోజు దిగుతారు. వాళ్ళ భాష తెలిసిన ఆశా కార్యకర్తని పక్కన పెట్టుకుని, వానాకాలంలో ఏ దారిన వస్తారో, ఎక్కడ ఆగి సేద తీరతారో, డోలీ ఎక్కడ దించుతారో వేలితో చూపించమనండి. ఆ గీతలు కంప్యూటర్‌లోకి ఎక్కించాక, లెక్క మళ్ళీ వేయించండి.