పలుకుబడి అధికారం కాదు

ప్రాచీన రోమ్ రాజకీయాల్లో స్త్రీల పలుకుబడి గురించి ఈ మధ్య ఒక సెమినార్‌లో గంటసేపు విన్నాను. లివియా అగస్టస్‌కు ఏ సలహాలిచ్చింది, అగ్రిప్పీనా కొడుకు నీరోను గద్దె ఎలా ఎక్కించింది... వక్త గొంతులో ఎంత మురిపెమో! ఓటు లేదు, సెనేట్‌లో చోటు లేదు. మొగుడి చెవి మాత్రం ఉంది. దాన్ని అధికారం అంటే నేనొప్పుకోను.

క్రీ.పూ. 42లో ముగ్గురు పాలకులు యుద్ధ ఖర్చుల కోసం 1,400 మంది సంపన్న స్త్రీల మీద పన్ను వేశారు. వాళ్లు మొదట ఆ పాలకుల ఇంటి ఆడవాళ్లనే ఆశ్రయించారు. ఆంటొనీ భార్య ఫుల్వియా గడప దగ్గరే గెంటేసింది. పలుకుబడి విలువ అంతే. అప్పుడు హోర్టెన్సియా ఫోరంలోకి నడిచి నిలదీసింది: పదవుల్లో మాకు వాటా లేనప్పుడు పన్ను ఎందుకు కట్టాలి? చివరికి 400 మందికే పన్ను మిగిలింది. అయితే ఆ స్త్రీల ఆస్తుల్లో బానిస స్త్రీలు కూడా ఉన్నారు. వాళ్ల తరఫున ఫోరంలో ఎవరూ మాట్లాడలేదు. సెమినార్‌లోనూ అంతే.

మాది సూరత్‌లోని డిండోలి. నాన్న సాంచాల మీద పనికి తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. సూరత్ కార్పొరేషన్‌లో 120 సీట్లుంటే 60 స్త్రీలవే. అయినా మోరీ నిండితే నాన్న అడిగేది, "ఆమె మొగుడి నంబరుందా?" అనే. తప్పు ఆమెది కాదు, మాది.

బాబాసాహెబ్ స్త్రీలకు పలుకుబడి అడగలేదు. హిందూ కోడ్ బిల్లులో ఆస్తి హక్కు, విడాకుల హక్కు రాశారు. దాన్ని ముందుకు సాగనివ్వనందుకే ముఖ్యంగా 1951లో మంత్రి పదవి వదిలేశారు. మాదిగ బిడ్డ టి.ఎన్. సదాలక్ష్మి ఏ రాణివాసం నుంచీ రాలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకర్ అయింది. గోగు శ్యామల రాసిన ఆమె బతుకు కథ పేరు 'నేనే బలాన్ని'. రోమ్ రాణులు నోటికి వచ్చిన మన విద్యార్థుల్లో ఎందరు దాన్ని చదివారు?

2023 మహిళా రిజర్వేషన్ చట్టంలో ఎస్సీ, ఎస్టీ స్త్రీలకు వాటా ఉంది, బీసీ స్త్రీలకు లేదు. డిండోలిలో సాంచాల మీద బతికే పద్మశాలి ఇళ్ల ఆడవాళ్లు ఎవరి గడప దగ్గర నిలబడాలి?

మొన్న ఇంటికెళ్లినప్పుడు అమ్మ ఫోన్‌లో కార్పొరేటరమ్మ నంబరు ఆమె పేరుతోనే ఎక్కించాను. మోరీ మళ్లీ నిండింది. అమ్మ ఈసారి ఆ నంబరుకే చేసింది.